మాల తీసేశాక కూడా నిలిచే అలవాటు: మొదటి రోజు నుంచి ఏడాది దాకా

మా బాబాయి పన్నెండేళ్ళు వరుసగా అయ్యప్ప మాల వేసుకున్నాడు. మామూలు రోజుల్లో రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు కాల్చే మనిషి, ఎనిమిదింటికి గానీ మంచం దిగని మనిషి, కార్తీకంలో మెడలో మాల పడిందంటే తెల్లవారుజామున నాలుగున్నరకి చన్నీళ్ళ స్నానం చేసి పీఠం ముందు కూర్చునేవాడు. చాప మీద పడుకునేవాడు, ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు, సిగరెట్ ఊసే ఉండేది కాదు. అలా 41 రోజులు. కొండకి వెళ్ళొచ్చి మాల తీసిన మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే టీ కొట్టు, అదే బల్ల, అదే సిగరెట్. మా పిన్ని ప్రతి ఏడూ ఈసారైనా మానేస్తాడని ఆశపడేది, ప్రతి ఏడూ ఆ మర్నాడు వంటింట్లో ఏమీ మాట్లాడకుండా పని చేసుకునేది.

41 రోజులు చేయగలిగిన మనిషి 42వ రోజు ఎందుకు చేయలేకపోయాడు? ఇంట్లో అందరూ "పట్టుదల లేదు" అనేవాళ్ళు. నేనూ చాలా ఏళ్ళు అదే అనుకున్నాను. కానీ పట్టుదల లేని మనిషి చలికాలంలో నాలుగున్నరకి చన్నీళ్ళు పోసుకుంటాడా? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నా సొంత అలవాటు ఒకటి మూడుసార్లు చెడిపోయి నాలుగోసారి నిలబడ్డాక గానీ దానికి జవాబు అర్థం కాలేదు. ఈ వ్యాసం అంతా ఆ జవాబే.

మాల ఉన్నన్ని రోజులూ బాబాయి కొత్తగా నిర్ణయించుకోవాల్సింది ఏమీ లేదు. ఎన్నింటికి లేవాలో ముందే తెలుసు, లేవగానే ఏం చేయాలో తెలుసు. ఒంటి మీద నల్ల బట్టలు ఉండగా కొట్టు దగ్గర నిలబడి సిగరెట్ అడగలేడు, అడిగినా కొట్టతను ఇవ్వడు. ఇంట్లో చంటిపిల్లల దగ్గర్నుంచి బస్ కండక్టర్ దాకా అందరూ "స్వామీ" అనే పిలుస్తారు, ఆ పిలుపు విన్న ప్రతిసారీ తను దీక్షలో ఉన్నానని గుర్తొస్తుంది. సాయంత్రం పూజకి రాకపోతే గురుస్వామి కబురు పెడతాడు. ఇదంతా ఒక పందిరి. బీరపాదుని దాని మీదకి ఎక్కిస్తే దానంతట అదే పాకుతుంది. మాల తీసిన రోజు ఆ పందిరి మొత్తం ఒక్కసారిగా పీకేస్తాం, పాదు నేల మీద పడుతుంది, పడిన పాదుని తిడతాం.

కాబట్టి మనం చేయాల్సింది మన అలవాటుకి మనింట్లోనే, మన రోజులోనే, ఎవరూ తీసేయని ఒక పందిరి కట్టుకోవడం. అదెలాగో వరుసగా చెప్తాను.

మొదలుపెట్టే ముందు రోజుల లెక్క సరిచేసుకోండి

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని మీరూ వినే ఉంటారు. ఈ మాట వెనక ఉన్నది మాక్స్‌వెల్ మాల్ట్స్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి అద్దంలో కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించి 1960లో రాశారు. ఆ "కనీసం" అన్న మాట దార్లో ఎక్కడో జారిపోయింది. పైగా ముఖం అలవాటు కావడం వేరు, రోజూ లేచి నడవడం వేరు.

నిజంగా కొలిచి చూసినవాళ్ళు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం. 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరినీ ఒక చిన్న పని ఎంచుకుని రోజూ ఒకే సందర్భంలో చేయమన్నారు, పొద్దున టిఫిన్ తర్వాత అన్నట్టుగా. 12 వారాలు చూశారు. ఆలోచించకుండా ఆ పని జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ, పనికీ పనికీ చాలా తేడా ఉంది, తక్కువలో తక్కువ 18 రోజులు, ఎక్కువలో ఎక్కువ 254 రోజులని లెక్క తేలింది. నీళ్ళు తాగడం లాంటివి తొందరగా కుదిరాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా తేలింది, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ నష్టం ఏమీ జరగలేదు.

ఈ అంకెలు నాకు చాలా ఊరటనిచ్చాయి. నేను ముప్పయ్యో రోజున "ఇంకా కష్టంగానే ఉంది, నా వల్ల కాదు" అని మానేసిన పనులు ఎన్నో ఉన్నాయి. అప్పటికి సగం దారి కూడా కాలేదని నాకు ఎవరూ చెప్పలేదు. మీరు మాత్రం మనసులో మూడు నెలలు అనుకోండి.

మొదటి అడుగు: ఒక్కటే ఎంచుకోండి, దాన్ని చేతులతో కాళ్ళతో చేసే పనిగా చెప్పండి

"ఆరోగ్యంగా ఉండాలి", "ఫోన్ తగ్గించాలి", "పిల్లలతో టైమ్ గడపాలి". ఇవి మంచి కోరికలే, కానీ ఇవాళ చేశానా లేదా అని పక్కవాళ్ళు చూసి చెప్పలేరు. "రాత్రి పది నిమిషాలు నడవడం", "పడుకునేటప్పుడు ఫోన్ హాల్లో పెట్టడం", "అన్నం తినేటప్పుడు పాపతో కూర్చోవడం". ఇలా చెప్తే ఎవరైనా చూసి చెప్పగలరు. మీరు ఎంచుకున్న దాన్ని ఇంట్లో ఎవరికైనా చెప్పి, "నేను ఇది చేశానో లేదో నువ్వు చూసి చెప్పగలవా?" అని అడగండి. చెప్పలేమంటే ఇంకా విడమర్చాలి.

ఒక్కటే అని ఎందుకంటున్నానంటే, నేను మొదటిసారి జనవరి ఒకటిన ఐదు మొదలుపెట్టాను. ఐదింటికి లేవడం, జిమ్, ధ్యానం, పంచదార మానేయడం, రాత్రి పుస్తకం. పదకొండో తారీఖుకి సంక్రాంతి పిండివంటలు మొదలయ్యాయి, దాంతో ఐదూ పోయాయి. రెండోసారి ఉగాదికి మొదలుపెట్టాను, ఆ రోజు చేసింది ఏడాదంతా చేస్తామని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఆ రోజు నిజంగానే చేశాను. ముహూర్తం చూసుకోవడంలో తప్పు లేదు, మంచి రోజున మనసుకి ఒక ఊపు వస్తుంది. కానీ ఆ ఊపు వారం కంటే నిలవదు, ఆ వారంలో మీరు పందిరి గుంజలు పాతుకోవాలి.

రెండో అడుగు: గుంజ వెతకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

మా అత్తయ్యగారిది తణుకు దగ్గర పల్లె. యాభై ఏళ్ళు రోజూ ఇంటి ముందు ముగ్గు వేశారు. ఎవరూ ఆవిడకి గుర్తు చేయలేదు, ఆవిడ ఎప్పుడూ "ఇవాళ వేద్దామా వద్దా" అని ఆలోచించలేదు. ఒకసారి సెలవులకి వెళ్ళినప్పుడు తెల్లవారుజామున మెలకువ వచ్చి వరండాలో కూర్చుని చూశాను. తలుపు గడియ తీశారు, తలుపు వెనకే చీపురు ఉంది, చేతిలోకి వచ్చింది. వాకిలి ఊడవడం అయ్యేసరికి కుళాయి దగ్గరికి చేరారు, అక్కడ బకెట్ ఉంది. కళ్ళాపి చల్లుకుంటూ వెనక్కి వచ్చేసరికి కిటికీ అంచు మీద ముగ్గు డబ్బా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. ముగ్గు పూర్తయి డబ్బా కిటికీలో పెట్టేసరికి పాలవాడి సైకిల్ బెల్లు. గడియ చీపురుని పిలిచింది, చీపురు బకెట్‌ని, బకెట్ డబ్బాని. మధ్యలో ఆవిడ దేనికీ నిర్ణయం తీసుకోలేదు.

మెదడులోనూ జరిగేది ఇదే. ఒకే చోట, ఒకే పని తర్వాత, ఒకే పని మళ్ళీ మళ్ళీ చేస్తే, లోతుగా ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగం ఆ వరుసని మొత్తం ఒక మూటగా కట్టేసుకుంటుంది. మూట కొస దొరికితే చాలు, మిగతాది దానంతట అదే విడుతుంది. బండి మీద ఆఫీసు నుంచి ఇంటికి వచ్చాక దారిలో ఏ సిగ్నల్ దగ్గర ఆగామో గుర్తుండదు చూడండి, అదే ఇది. వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం జనం చేత గంటగంటకీ డైరీ రాయించి చూస్తే, వాళ్ళు చేసే పనుల్లో దాదాపు 43 శాతం ఇలా రోజూ ఒకే సందర్భంలో చేసేవేనని తేలింది. అంటే మీ రోజులో ఇప్పటికే బోలెడన్ని గట్టి గుంజలు ఉన్నాయి. కొత్త పాదుని వాటిలో ఒకదానికి కట్టాలి.

ఒక కాగితం తీసుకుని, మీరు ఏం జరిగినా రోజూ మానని పనులన్నీ రాయండి. పళ్ళు తోముకోవడం, గుమ్మం దగ్గర పాల ప్యాకెట్ తీసుకోవడం, స్టవ్ మీద కాఫీ నీళ్ళు పెట్టడం, స్నానం, దేవుడి దగ్గర దీపం, పిల్లల లంచ్ బాక్స్ మూత పెట్టడం, బండి స్టార్ట్ చేయడం, ఇంటికొచ్చి చెప్పులు విప్పడం, కుక్కర్ పెట్టడం, ఫోన్ చార్జింగ్ పెట్టడం. మీ కొత్త పనికి వీటిలో ఏది దగ్గరగా ఉందో చూడండి. బీపీ మాత్ర వేసుకోవడం మర్చిపోతున్నారా, డాక్టర్ చెప్పిన పూటకి కాఫీ కుదిరితే కాఫీ కప్పు పక్కన. కుక్కర్ మూడు కూతలు వచ్చేలోపు వంటింట్లో నిలబడే భుజాలూ మెడా తిప్పుకోవచ్చు. దీపం పెట్టాక అక్కడే రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోవచ్చు.

గుంజ చాలా కచ్చితంగా ఉండాలి. నా నడకే చెప్తాను. నాకు నలభై ఒకటో ఏట ఆఫీసులో చేసిన హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మంలో ఉన్నట్టు, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే లోపలికి వచ్చేసినట్టు అని డాక్టర్ చెప్పి, నడవమన్నారు. అన్నం తిన్నాక నడిస్తే కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ని వాడుకుంటాయి, తిన్న తర్వాత షుగర్ పైకి లేవడం కొంత తగ్గుతుంది, అందుకని రాత్రి భోజనం తర్వాత అయితే మంచిదన్నారు. నేను "భోజనం అయ్యాక నడుస్తా" అని పెట్టుకున్నాను, నిలవలేదు. ఎందుకంటే భోజనం ఎప్పుడు అయినట్టు? తినడం అయ్యాక కూర గిన్నెలు ఫ్రిజ్‌లో పెట్టాలి, పాలు తోడు పెట్టాలి, ఈలోపు సోఫాలో కూర్చున్నానంటే టీవీ, ఇక లేవడం కల్ల. చివరికి గుంజ మార్చాను. రాత్రి నా ఆఖరి పని స్టవ్ గట్టు తుడవడం. తుడిచి, ఆ గుడ్డ పిండి కుళాయి మీద ఆరేస్తాను. ఇప్పుడు నా నియమం, గుడ్డ కుళాయి మీద ఆరేయగానే వంటింటి లైటు తీసి నేరుగా చెప్పులు వేసుకోవడం. సోఫా దారిలో లేకుండా పోయింది. మూడేళ్ళయింది, ఆ తడిగుడ్డ చేతిలోంచి జారగానే కాళ్ళు వాటంతట అవే గుమ్మం వైపు తిరుగుతాయి.

కాబట్టి మీ వాక్యాన్ని ఇలా రాసుకోండి: "ఫలానా పని అయిన వెంటనే, ఫలానా చోట, ఫలానాది చేస్తాను." పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి వాక్యాల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ఊరికే "చేయాలి" అనుకున్నవాళ్ళ కంటే, ఎప్పుడు ఎక్కడ ఎలా అని ముందే రాసుకున్నవాళ్ళు ఎక్కువగా చేస్తారని చూపించారు. నోటితో అనుకోవడం సరిపోదు, రాయండి.

నైట్ షిఫ్ట్‌లు చేసేవాళ్ళకి, షాపు నడిపేవాళ్ళకి ఇది ఇంకా అవసరం. మీ గడియారం రోజుకో రకంగా ఉంటుంది, కానీ షిఫ్ట్ అయ్యాక ఐడీ కార్డు మెడలోంచి తీయడం రోజూ ఉంటుంది, షట్టర్ దించడం రోజూ ఉంటుంది. టైమ్‌కి కట్టకండి, పనికి కట్టండి.

మూడో అడుగు: సిగ్గుపడేంత చిన్నది చేయండి

నేను పది నిమిషాలు కూడా పెట్టుకోలేదు. చెప్పులు వేసుకుని లిఫ్ట్‌లో కిందికి దిగి గేటు ముట్టుకుని రావడం, అంతే. చాలా రోజులు గేటు దాకా వెళ్ళాక ఎలాగూ వచ్చాను కదా అని రెండు రౌండ్లు వేసేదాన్ని. ఒంట్లో బాగోని రోజు నిజంగా గేటు ముట్టుకుని వచ్చేశాను, దాన్ని పూర్తిగా లెక్క వేసుకున్నాను. ధ్యానమైతే పది శ్వాసలు. చదవడమైతే ఒక పేజీ. ఇంగ్లీష్ నేర్చుకోవడమైతే ఒక వాక్యం పైకి చదవడం. మొదటి రెండు నెలలు మీరు కట్టుకునేది ఆరోగ్యం కాదు, దారి. పాదు పాకడం మొదలుపెట్టాక కాయలు వస్తాయి. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మాదిరి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, నేను అక్కడికి చేరడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి రోజే అక్కడ మొదలుపెట్టినవాళ్ళని మా అపార్ట్‌మెంట్‌లో చాలామందిని చూశాను, కొత్త బూట్లతో సహా పదిహేను రోజులకి కనపడటం మానేశారు.

నాలుగో అడుగు: ముగ్గు డబ్బా ఎక్కడుందో చూసుకోండి

అత్తయ్యగారి ముగ్గు డబ్బా అటక మీద ఉండి ఉంటే యాభై ఏళ్ళు ముగ్గు పడేదా అని నాకు అనుమానం. మంచి పనికి కావాల్సిన వస్తువు చెయ్యి చాస్తే అందాలి, వద్దనుకున్న దానికి లేచి వెళ్ళాల్సి రావాలి. ఇది వినడానికి ఏముందిలే అనిపిస్తుంది, కానీ ఇంట్లో ఒక గంట కూర్చుని ఇలా సర్దుకుంటే వచ్చే లాభం నెల రోజుల పట్టుదలతో రాదు.

నా చెప్పులు ముందు షూ రాక్‌లో అట్టడుగున ఉండేవి. ఇప్పుడు వంటింటి గుమ్మం పక్కనే ఒక పాత డోర్‌మ్యాట్ మీద ఉంటాయి, నడకకి మాత్రమే వాడతాను. వ్యాయామం చేయాలనుకునేవాళ్ళు రాత్రే చాప పరిచి పడుకోండి. చదవాలనుకునే పుస్తకం దిండు మీద పెట్టండి, పడుకోవాలంటే దాన్ని చేతిలోకి తీసుకోక తప్పదు. పండ్లు తినాలంటే జామకాయలు కడిగి డైనింగ్ టేబుల్ మీద పెట్టండి, ఫ్రిజ్ కింది అరలో కవర్‌లో కట్టి ఉన్నవి వాడిపోయాకే కనపడతాయి. మిక్చర్ డబ్బా మాత్రం స్టూల్ వేసుకుంటే గానీ అందని చోట.

ఫోన్ సంగతి విడిగా చెప్పాలి, ఈ రోజుల్లో అన్ని మంచి అలవాట్లనీ తినేసేది అదే. పడక పక్కన చార్జర్ ఉన్నంతకాలం పొద్దున్నే మీ మొదటి పని ఏంటో ఆ ఫోనే నిర్ణయిస్తుంది. చార్జర్ తీసి హాల్లో పెట్టండి. అలారం కోసం అంటారా, నూటయాభై, రెండొందలకి బల్ల మీద పెట్టుకునే గడియారం దొరుకుతుంది. మా ఇంట్లో ఈ ఒక్క మార్పుతో అందరికీ అరగంట ముందు నిద్ర పట్టడం మొదలైంది, మా అబ్బాయి వారం పాటు గొడవ పెట్టి ఆ తర్వాత ఊరుకున్నాడు.

ఐదో అడుగు: కేలండర్ మీద గీత పెట్టండి

యాప్‌లు వద్దని అనను. కానీ మన వంటింట్లో గోడకి తెలుగు కేలండర్ ఉంటుంది, దాని మీద పాల లెక్క, గ్యాస్ బండ తేదీ, పనమ్మాయి రాని రోజులు అన్నీ రాస్తాం, రోజుకి నాలుగుసార్లు అటు చూస్తాం. మీ అలవాటు గీత కూడా అక్కడే పెట్టండి. తాడు కట్టిన పెన్ను పక్కనే వేలాడదీయండి. ఎన్ని నిమిషాలు, ఎన్ని అడుగులు అని రాయొద్దు, చేస్తే గీత, అంతే. పని అయిన వెంటనే గీత పెట్టే ఆ క్షణంలో చిన్న తృప్తి కలుగుతుంది, రేపు మళ్ళీ రావడానికి అది చాలు.

ఆరో అడుగు: తప్పే రోజు కోసం ముందే సిద్ధంగా ఉండండి

తప్పుతుంది. పెళ్ళిళ్ళ సీజన్ వస్తుంది, వాన పడుతుంది, చుట్టాలు వస్తారు, పిల్లకి జ్వరం వస్తుంది. అలవాట్లు చెడేది ఆ తప్పిన రోజున కాదని నా అనుభవం. ఆ మర్నాడు "ఎలాగూ పోయింది కదా, సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడదాం" అనుకుంటాం చూడండి, అక్కడ చెడుతుంది. అందుకే నా దగ్గర ఒకే ఒక్క కట్టుబాటు ఉంది, వరుసగా రెండు రోజులు తప్పకూడదు. మొదటి రోజు తప్పినందుకు నన్ను నేను ఏమీ అనుకోను. రెండో రోజు మాత్రం గేటు ముట్టుకునైనా వస్తాను.

దీనికి తోడు మూడు రకాల రోజులకి మూడు రూపాలు రాసి పెట్టుకోండి. మామూలు రోజు రూపం మీకు తెలుసు. వాన రోజు రూపం: నాకైతే కారిడార్‌లో ఆ చివర నుంచి ఈ చివరకి పదిసార్లు. ఊరెళ్ళిన రోజు రూపం: ఇది చాలామంది రాసుకోరు, ఇక్కడే చాలా అలవాట్లు పోతాయి. సంక్రాంతికి ఊరెళ్తే అక్కడ మన వంటింటి గట్టు ఉండదు, మన గుడ్డ ఉండదు, మన గుంజలేవీ ఉండవు. పన్నెండు మంది చాపలేసుకుని పడుకునే ఇంట్లో మన టైమ్ మన చేతిలో ఉండదు. కాబట్టి బయల్దేరే ముందే అక్కడి గుంజ ఒకటి అనుకోవాలి. మా ఊళ్ళో రాత్రి భోజనాలయ్యాక ఆకులు పెరట్లో పడేయడానికి ఎవరో ఒకరు వెళ్ళాలి, ఆ పని నేను తీసుకున్నాను, అటు నుంచి అటే చెరువు గట్టు దాకా. ఇప్పుడు తోడికోడళ్ళు కూడా వస్తున్నారు.

తిరిగి ఇంటికి వచ్చిన రోజు రాత్రి బట్టలు ఉతక్కపోయినా పర్వాలేదు, ఇల్లు ఊడవకపోయినా పర్వాలేదు, ఆ గీత మాత్రం పెట్టేయండి.

ఏడో అడుగు: "స్వామీ" అని పిలిచే మనిషి ఒకరు కావాలి

మాలలో బాబాయికి దొరికినది మనకీ కావాలి. ఇంట్లో ఒకరు, లేదా పక్క ఫ్లాట్‌లో ఒకరు, లేదా ఊళ్ళో ఉన్న చెల్లెలు. రోజూ "అయ్యిందా?" అని అడిగితే చాలు. తిట్టకూడదు, సలహాలు ఇవ్వకూడదు. నాకు మూడో ఫ్లోర్ వదినగారు దొరికారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పి, ఇద్దరం కలిసి నెమ్మదిగా నడుస్తాం. వాట్సాప్‌లో అందరికీ ప్రకటించడం వద్దు. అందరూ "సూపర్" అనగానే పని అయిపోయినంత సంతోషం వచ్చేస్తుంది, ఆ తర్వాత అడిగేవాళ్ళు ఉండరు.

ఇంట్లో ఆడవాళ్ళ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఐదింటికి లేవండి, మీ కోసం ఒక గంట తీసుకోండి అని రాసేవాళ్ళు, ఆరున్నరకి రెండు లంచ్ బాక్సులు, మామగారి కాఫీ, టిఫిన్, చట్నీ అన్నీ అయ్యే ఇంట్లో ఒక్కసారి నిలబడి చూడాలి. రాత్రి పదకొండున్నరకి పడుకునే మనిషి ఐదింటికి లేస్తే అయిదున్నర గంటల నిద్ర. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటలు కావాలి. నిద్ర తగ్గించుకుని కట్టే ఏ అలవాటూ మంచిది కాదు, నేను మూడోసారి చెడింది అందుకే, ఐదింటి నడక మూడు వారాలు చేసి జ్వరం తెచ్చుకున్నాను. మీకు విడిగా టైమ్ దొరకదు అనుకుంటే ముందు ఇంట్లోవాళ్ళతో కూర్చుని ఒక పని దించుకోండి. నా విషయంలో రాత్రి పాలు కాచి తోడు పెట్టడం మా ఆయనకి ఇచ్చాను. మొదటి వారం పెరుగు సరిగ్గా తోడుకోలేదు, అందరం తిన్నాం. ఆ పది నిమిషాలు వస్తే గానీ నా నడకకి చోటు లేదు, దాన్ని అడిగి తీసుకోవడం కూడా ఈ పద్ధతిలో ఒక అడుగే.

చెడ్డ అలవాటు వదలాలంటే

ఇదే పద్ధతి, తిరగేసి. ముందు అది ఏ గుంజకి చుట్టుకుని ఉందో చూడాలి. బాబాయి సిగరెట్ టీకి చుట్టుకుని ఉంది, ఆ కొట్టుకి, ఆ బల్లకి, పక్కన కూర్చునే ఇద్దరికి. మాల రోజుల్లో ఆ కొట్టు వైపు వెళ్ళలేదు కాబట్టి ఆగింది. మొన్నామధ్య, పదమూడో ఏట, ఆయన మాల వేసుకోలేదు, గుండెలో స్టెంట్ వేశారు. ఈసారి పిన్నీ నేనూ కూర్చుని కొట్టునే మార్చాం. పొద్దున టీ ఇంట్లో, వరండాలో, తాగగానే నోట్లో లవంగం. నడిచి వెళ్ళే దారి కూడా మార్చుకున్నాడు, కొట్టు కనపడకుండా గుడి వెనక నుంచి. మొదటి నెల చాలా కష్టపడ్డాడు, డాక్టర్ ఇచ్చిన నికోటిన్ గమ్ వాడాడు. ఏడాదిన్నర దాటింది.

పొగాకు మానాలనుకునేవాళ్ళకి ప్రభుత్వం నడిపే క్విట్‌లైన్ ఉంది, నంబరు 1800-11-2356, సిగరెట్ పెట్టె మీదే ముద్రించి ఉంటుంది, కాల్ ఉచితం. మందు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు మాల వేసుకున్నామనో, ఒట్టు పెట్టుకున్నామనో ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం దాకా వెళ్ళొచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. ముందు డాక్టర్‌కి చూపించి, ఆయన చెప్పినట్టు ఆపండి. అలాగే షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవాళ్ళు కొత్తగా నడక, ఉపవాసం లాంటివి మొదలుపెట్టే ముందు మీ డాక్టర్‌తో ఒక మాట మాట్లాడండి.

ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు రెండోది మొదలుపెట్టాలి

గీతలు చూసి తేల్చకండి. ఒక రోజు చేయకపోతే ఏదో మర్చిపోయినట్టు, పళ్ళు తోముకోకుండా బయటికి వచ్చినట్టు అనిపిస్తోందా? అప్పుడు పెంచండి, అదీ కొద్దిగా. నాకు ఆ భావన డెబ్భై రోజుల దగ్గర వచ్చింది. రెండో అలవాటు ఆ తర్వాతే, వీలైతే మొదటి దాని కొసకే కట్టండి. నేను నడిచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే రేపటి బియ్యం, పప్పు కొలిచి పెడతాను, దాంతో పొద్దున పావుగంట కలిసొచ్చింది. ఏడాది తర్వాత పరీక్ష చేయిస్తే నా హెచ్‌బీఏ1సీ 5.8. రాత్రి అన్నం కూడా తగ్గించాను కాబట్టి మొత్తం నడక వల్లే అని చెప్పను.

ఇల్లు మారినా, ఉద్యోగం మారినా

అన్నీ కుదిరాక కూడా ఒక గండం ఉంటుంది. ట్రాన్స్‌ఫర్, కొత్త ఇల్లు, పిల్లల స్కూల్ టైమ్ మారడం, ఇంట్లో ఒక మనిషి పోవడం. గుంజలు ఒక్కసారిగా కదులుతాయి.

మామగారు పోయాక అత్తయ్యగారిని నిజాంపేటలోని మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాం. మూడో అంతస్తు. వాకిలి లేదు, గడియ తీస్తే ఎదురుగా లిఫ్ట్. యాభై ఏళ్ళ అలవాటు రెండు వారాల్లో పోయింది. ఆవిడ ఎనిమిదింటి దాకా పడుకునే ఉండేవారు, లేచినా ఏం తోచనట్టు మంచం మీదే కూర్చునేవారు. దిగులు అనుకున్నాం, దిగులు కూడా ఉంది. కానీ ఒక రోజు "నాకు పొద్దున్నే ఎటు వెళ్ళాలో తెలియట్లేదే అమ్మాయ్" అన్నారు. ఆ మాటతో నాకు ఆ వరండా, ఆ గడియ, ఆ చీపురు, కిటికీలో డబ్బా గుర్తొచ్చాయి.

ఇక్కడ గుమ్మం బయట గచ్చు నాలుగడుగుల చదరం. పిండి పడితే ఊడ్చేవాళ్ళకి ఇబ్బంది అని సుద్దముక్కలు తెచ్చాను. తలుపు బయట చిలక్కొయ్యకి పాల సంచి తగిలించాం, పాలబ్బాయి ఐదున్నరకి ప్యాకెట్లు అందులో వేసి బెల్ కొట్టేలా మాట్లాడాం. సుద్దముక్కల డబ్బా ఆ సంచి కింద చిన్న పీట మీద పెట్టాం, తడిగుడ్డ పక్కనే. మొదటి వారం ఆవిడ ప్యాకెట్లు తీసుకుని లోపలికి వచ్చేశారు. రెండో వారంలో ఒక రోజు నేను లేచేసరికి గుమ్మం ముందు తడి ఇంకా ఆరలేదు, దాని మీద నాలుగు చుక్కల చిన్న ముగ్గు ఉంది. ఎదురు ఫ్లాట్ పాప స్కూల్‌కి వెళ్తూ దాన్ని తొక్కకుండా గెంతి లిఫ్ట్ ఎక్కింది. ఇప్పుడు ఆ పాప కోసం ఆదివారాలు వాళ్ళ గుమ్మం ముందు కూడా వేస్తున్నారు.